విశ్రాంతిని ఇచ్చేవారు: బిల్హా రైలుమార్గం, బౌద్ధ వినయం

హౌరా–ముంబయి ప్రధాన రైలుమార్గంలో బిలాస్‌పూర్ నుండి రాయ్‌పూర్ వైపు సాగే బండికి దాధాపారా, చకర్‌భాఠా స్టేషన్ల తరువాత బిల్హా వస్తుంది. వరిపొలాల నడుమ ఉన్న చిన్న పట్టణం అది. ఆ పట్టాల మీద ప్రయాణికుల బండ్లతో పాటు బొగ్గు, సిమెంటు, ఉక్కు మోసే గూడ్సు బండ్లు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. బండి ఆగదు కనుక స్టేషను నిద్రపోదు. స్టేషనులో పనిచేసే మనిషి మాత్రం నిద్రపోవాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి భారతీయ రైల్వేలో ఒక ఉద్యోగం ఏర్పడింది. దాని పేరు ‘రెస్ట్ గివర్’.

ఒక స్టేషన్ మాస్టరుకు వారపు విశ్రాంతి వచ్చిన రోజున అతని వంతు పనికి హాజరయ్యేవాడే రెస్ట్ గివర్. మరునాడు మరొకరి వంతు. ఆరుగురికి వారానికొక రోజు విరామం దొరకాలంటే ఏడవ మనిషి ఉండాలి; ఆరుగురూ పనిలో ఉన్న రోజున ఆ ఏడవవాడు విశ్రమిస్తాడు. లెక్క చాలా సులువైనది. అయినా ఆ పేరులో ఒక లోతైన విషయం ఉంది. విశ్రాంతి తనంతట తాను దొరికేది కాదనీ, ఒకరు ఇస్తేనే మరొకరికి అందుతుందనీ అది చెబుతుంది. ఎడతెగని పనినే ఘనతగా భావించే ఈ కాలంలో విశ్రాంతి ఒక వ్యక్తిగత బలహీనతగానో, విజయం సాధించిన తరువాత దక్కే బహుమతిగానో కనిపిస్తోంది. ఈ మార్గపు చరిత్రలోనూ బౌద్ధ వాఙ్మయంలోనూ అది వేరొక రూపంలో కనిపిస్తుంది: ముందుగా నిర్ణయించి అందరికీ సమానంగా పంచవలసిన ఒక నియమంగా.

పూర్తి రాత్రి అనే హక్కు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. అంతకుముందే ఉన్న నాగపూర్–ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని తీసుకొని, బ్రాడ్‌గేజిగా మార్చి, 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. బిలాస్‌పూర్ క్రమంగా పెద్ద కూడలి అయింది; 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం కూడా అదే. గంజాం, విశాఖ మండలాల నుండి ఈ కంపెనీ కొలువులకు వెళ్ళిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లో వలెనే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోనూ తరతరాలుగా స్థిరపడ్డారు.

రైలుమార్గం వచ్చిన తొలి దశాబ్దాలలో పని గంటలకు చట్టబద్ధమైన హద్దు లేదు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న ప్రమాణాన్ని ఆమోదించింది. బ్రిటిష్ ఇండియాకు మాత్రం ప్రత్యేకంగా 60 గంటల వారాన్ని అనుమతించింది. 1921లో వారపు విశ్రాంతిపై మరొక ఒడంబడిక వచ్చింది. ఇవి రైల్వే ఉద్యోగిని చేరడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 1930లో రైల్వే చట్టాన్ని సవరించి, నిరంతరం పని ఉండే ఉద్యోగులకు నెల సగటున వారానికి 60 గంటలు, మధ్యమధ్య విరామం ఉండే పనివారికి 84 గంటలు అని హద్దు పెట్టారు. వారానికి 24 గంటల ఎడతెగని విశ్రాంతి కూడా అప్పుడే చట్టంలో చేరింది.

ఈ కాలంలోనే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురంలో జన్మించిన ఆయన 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1928లో ఇదే రైల్వేలో ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా జరిగిన అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించారు. చరిత్రలోని విచిత్రం మరొకటి ఉంది. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతటా రైల్వే సమ్మె జరిగినప్పుడు, రైలు నడిపే సిబ్బందికి 8 గంటల పని దినం కావాలన్నది ప్రధానమైన కోరికలలో ఒకటి. వేలాది అరెస్టుల నడుమ ఆ సమ్మె ఒప్పందమేదీ లేకుండా ముగిసింది. ఆనాడు రాష్ట్రపతి పదవిలో ఉన్నది ఆ గిరిగారే.

1947లో జస్టిస్ రాజాధ్యక్ష ఇచ్చిన తీర్పుతో గంటల హద్దులు తగ్గాయి. అవే 1989 నాటి రైల్వే చట్టంలో నిలిచాయి: తీవ్రమైన ఏకాగ్రత అవసరమైన పనికి వారానికి సగటున 45 గంటలు, నిరంతర పనికి 54, విరామాలతో కూడిన పనికి 75. మొదటి రెండు తరగతులకూ వారానికి 30 గంటలకు తగ్గని విశ్రాంతి ఉండాలి. మూడవ తరగతికి ఇచ్చే 24 గంటల విశ్రాంతిలో ఒక పూర్తి రాత్రి ఇమిడి ఉండాలని చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. రైలు నడిపే సిబ్బందికి నెలకు 30 గంటలకు తగ్గని విరామాలు నాలుగు గానీ, 22 గంటలకు తగ్గనివి ఐదు గానీ ఇవ్వాలి. వాటిలోనూ పూర్తి రాత్రి ఉండాలి.

ఆ ‘పూర్తి రాత్రి’ అన్న మాట గమనింపదగినది. గంటలను మాత్రమే లెక్కిస్తే పగటి 24 గంటల ముక్కలైనా సరిపోతాయి. మనిషి దేహం ఆ లెక్కకు లొంగదు. అలాగే 75 గంటల తరగతి వెనుక ఉన్న ఊహ కూడా పరిశీలించదగినది. గేటు దగ్గర కూర్చున్నవాడు బండి వచ్చేవరకు ఖాళీగా ఉన్నాడు కాబట్టి ఎక్కువ గంటలు ఉండగలడని చట్టం భావించింది. ఫోను మోగుతుందేమోనని చెవి నిక్కించుకొని కూర్చోవడం శరీరానికి ఖాళీయే, మనస్సుకు కాదు. నిశ్చలంగా ఉండటమూ విశ్రమించడమూ ఒకటేనా అన్న ఈ ప్రశ్నను ప్రాచీన భిక్షుసంఘం కూడా ఎదుర్కొన్నది.

పగటినిద్రపై ఒక విచారణ

మజ్ఝిమనికాయంలోని మహాసచ్చక సుత్తంలో, వైశాలి మహావనంలో, సచ్చకుడనే నిగంఠ వాది బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు: గౌతముడు పగటిపూట నిద్రించిన సందర్భం ఉన్నదా? ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉంది. బుద్ధుడు దాచలేదు. వేసవి చివరి మాసంలో భిక్ష ముగించి వచ్చి, సంఘాటిని నాలుగు మడతలుగా పరచి, కుడిపక్కకు ఒరిగి, ఎరుకతోనే నిద్రించిన సంగతి గుర్తున్నదని సమాధానమిచ్చాడు. కొందరు దానిని మోహంలో ఉండటం అంటారని సచ్చకుడు అన్నప్పుడు బుద్ధుడు చర్చను మరొక చోటికి మళ్ళించాడు. మోహాన్ని నిర్ణయించేది కన్నులు మూతపడటం కాదనీ, చిత్తాన్ని కలుషితం చేసే ఆసవాలు తొలగాయా లేదా అన్నదే గీటురాయి అనీ వివరించాడు.

బౌద్ధం సోమరితనాన్ని మెచ్చిందని దీని అర్థం కాదు. సిగాలోవాద సుత్తం సోమరి చెప్పే సాకులను ఒక్కొక్కటిగా లెక్కిస్తుంది: చలిగా ఉంది, ఎండగా ఉంది, పొద్దుపోయింది, ఇంకా పొద్దు ఎక్కలేదు, ఆకలిగా ఉంది, పొట్ట నిండింది. ధ్యానానికి అడ్డుపడే ఐదు నీవరణాలలో థీనమిద్ధం, అనగా మందకొడితనం, ఒకటి. అయితే ఆ జాబితాలోనే ఉద్ధచ్చం కూడా ఉంది. అది నిలకడలేని చిత్తపు చాంచల్యం. సోమరితనం ఎంత అడ్డో, ఆగలేకపోవడమూ అంతే అడ్డు. ఏడు బోధ్యంగాలలో వీర్యమూ ప్రశ్రబ్ధీ రెండూ చోటు చేసుకున్నాయి. చిత్తం కుంగినప్పుడు వీర్యాన్ని, చెలరేగినప్పుడు ప్రశ్రబ్ధిని పెంపొందించాలని సంయుత్తనికాయం బోధిస్తుంది. జాగరూకతను అలవరచే కఠిన శిక్షణలో సైతం రాత్రి నడిమి జాము నిద్రకే కేటాయించబడింది.

సోణ కోళివిసుని వృత్తాంతం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. చంపానగరపు సంపన్న కుటుంబంలో సుకుమారంగా పెరిగిన అతడు ప్రవ్రజ్య స్వీకరించిన పిదప, చంక్రమణం చేస్తూ పాదాలు పగిలేవరకు నడిచాడు. నడకబాట నెత్తురుతో తడిసింది. అంత శ్రమించినా ఫలితం లేక ఇంటికి మరలిపోదామా అన్న ఆలోచన పుట్టింది. తంతులు మరీ బిగించినా మరీ సడలించినా వీణ పలకదన్న పోలికతో బుద్ధుడు అతనికి వీర్యసమతను బోధించాడు. ఈ పోలిక తరచుగా చెప్పుకునేదే. దాని తరువాతి ఘట్టం అంతగా ప్రచారంలో లేదు.

మహావగ్గం ప్రకారం, సోణుని పాదాల సుకుమారత్వం చూసి బుద్ధుడు అతనికి ఒంటి అట్ట చెప్పులు అనుమతించాడు. సోణుడు అంగీకరించలేదు. అపారమైన సంపదను విడిచి వచ్చినవాడు ఇప్పుడు చెప్పులకు ఆశపడుతున్నాడని లోకం అంటుందనీ, సంఘమంతటికీ అనుమతిస్తే తానూ ధరిస్తాననీ విన్నవించుకున్నాడు. అప్పుడు బుద్ధుడు ఆ అనుమతిని సంఘానికంతటికీ వర్తింపజేశాడు. ఒక్కనికి చూపిన వెసులుబాటు వాని మెడకు నింద అవుతుంది. అదే అందరికీ వర్తిస్తే నియమం అవుతుంది. ఈనాటి కార్యాలయాలలో సెలవు హక్కుగా ఉన్నా, దానిని వాడుకున్న ఒకే ఒక్క ఉద్యోగి తలవంచుకొని తిరగవలసి రావడానికి కారణం ఇక్కడ స్పష్టమవుతుంది.

యజమాని కర్తవ్యంగా సెలవు

వర్షావాస నియమం కూడా ఇలాగే సామాజికంగా పుట్టింది. వానాకాలంలోనూ భిక్షువులు పచ్చికను, చిన్న ప్రాణులను తొక్కుతూ తిరుగుతున్నారనీ, పక్షులైనా ఆ ఋతువులో గూళ్ళలో ఉంటాయనీ ప్రజలు ఆక్షేపించారు. ఫలితంగా మూడు మాసాలు ఒకేచోట నివసించాలన్న నియమం ఏర్పడింది. తప్పనిసరి పని పడితే ఏడు రోజులలో తిరిగి వచ్చే వెసులుబాటు ఉంది. తెలుగునాట తొట్లకొండ, బావికొండ, నాగార్జునకొండ విహారాలలో వరుసలుగా కనిపించే చిన్న గదులు ఈ స్థిరనివాసపు ఆనవాళ్ళు. ఎవరికి ఏ గది అన్నది కూడా యాదృచ్ఛికంగా జరిగేది కాదు. రాజగృహంలో దబ్బ మల్లపుత్తుడు శయనాసనాలు పంచే బాధ్యతను కోరి చేపట్టాడు. అర్ధరాత్రి చేరిన భిక్షువులకు సైతం వేలి కొసన వెలుగు పుట్టించి దారి చూపి పడక చూపేవాడని వినయ గ్రంథం వర్ణిస్తుంది. తమకు నాసిరకం వసతి వచ్చిందని అలిగిన కొందరు భిక్షువులు అతనిపై అపనింద మోపారనీ అదే గ్రంథం నమోదు చేసింది. విశ్రాంతిని పంచే పని సంఘానికి ఎంత అవసరమో, చేసేవానికి ఎంత భారమో ఆ కథ తెలుపుతుంది. రైల్వే పరిభాషలో చెప్పాలంటే అతడు ఆ సంఘపు రెస్ట్ గివర్.

గృహస్థుల విషయంలో సిగాలోవాద సుత్తం మరింత సూటిగా మాట్లాడుతుంది. సేవకులు, పనివారి పట్ల యజమాని కర్తవ్యాలు ఐదు: శక్తికి తగిన పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, రుచికరమైనవి పంచడం, సమయానికి విడిచిపెట్టడం. ఐదవదానికి అట్ఠకథ రెండు అర్థాలు చెప్పింది. రోజంతా పనిచేసేవారు అలసిపోతారు గనుక వేళ ఎరిగి రోజూ పని మాన్పించడం ఒకటి. పండుగలలో నగలూ తినుబండారాలూ ఇచ్చి సంబరాలకు పంపడం రెండవది. నిత్య విరామం, పర్వ విరామం: రెండూ యజమాని బాధ్యతలే. పనివాడు అడిగాడా లేదా అన్న ప్రస్తావనే అక్కడ లేదు.

ఎవరి శ్రమ మీద ఎవరి విరామం

బిలాస్‌పూర్ ప్రాంతానికి ఈ చరిత్ర పరాయిది కాదు. ఇది ప్రాచీన దక్షిణ కోసలం. ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కోసలం నుండి దక్షిణంగా ఆంధ్రదేశానికీ, అక్కడి నుండి ధాన్యకటకానికీ వచ్చాడు. ఆచార్య నాగార్జునుని కోసం శాతవాహన రాజు కోసలంలో కొండను తొలిపించి విహారం నిర్మించాడన్న గాథను అతడే నమోదు చేశాడు. ఆ నాగార్జునునికే ఆపాదించబడిన రత్నావళిలో రాజుకు ఇచ్చిన సలహాలు చాలా నిర్దిష్టమైనవి: విహారాలలో, పట్టణాలలో విశ్రాంతి గృహాలు కట్టించాలి, నీరు దొరకని బాటలలో కుండలు పెట్టించాలి, చెప్పులు, గొడుగులు, ముళ్ళు తీసే పట్టుకార్లు, సూదీ దారమూ, విసనకర్రలూ అందుబాటులో ఉంచాలి. బాటసారి అలసటను పాలకుని ఖర్చు పద్దులోకి ఎక్కించిన గ్రంథం అది.

సిర్పూర్‌లో మహాశివగుప్త బాలార్జునుని కాలపు ఆనందప్రభ విహారం బయల్పడింది. బిలాస్‌పూర్ జిల్లాలోని మల్హార్‌లో దొరికిన అదే రాజు తామ్రశాసనం, తరదంశక అనే చోట చిన్న విహారంలో నివసించే భిక్షుసంఘానికి కైలాసపుర గ్రామాన్ని దానం చేసిన సంగతి చెబుతుంది. ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్నను దాటవేయడానికి వీలులేదు. భిక్షువుల ప్రశాంతికి ఆధారం కైలాసపుర రైతుల పంట. ఆ రైతులకు విరామం ఎవరిచ్చారు? శాసనం దాత పేరును, గ్రామం పేరును నిలిపింది. దున్నినవారి మాట అందులో లేదు. ఒకరి విశ్రాంతి మరొకరి అదనపు శ్రమగా మారే ప్రమాదం ప్రతి వ్యవస్థలోనూ పొంచి ఉంటుంది.

దున్నేవారి పక్షాన ఈ నేల మీద మాట్లాడినవాడు అనేక శతాబ్దాల తరువాత వచ్చాడు. 1756లో గిరౌద్‌పురిలో జన్మించినట్లు చెప్పబడే గురు ఘాసీదాసు సత్నామీ పంథాను స్థాపించి, కులభేదాన్ని నిరాకరించాడు. ఆవును నాగలికి కట్టరాదు, మధ్యాహ్నం దాటిన తరువాత ఎద్దులతో దున్నరాదు అన్నవి ఆయన బోధలుగా ఆ పంథాలో నిలిచిన నియమాలు. పశువుకు నియమించిన ఆ మధ్యాహ్నం కాడి పట్టిన మనిషికి కూడా చెందుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు హరేలీ అమావాస్య నాడు పనిముట్లు కడిగి పూజించి పొలం పని మానుతారు. తరువాతి అమావాస్య పోలా. ఆనాడు ఎద్దులకు పూజ, విరామం. అదే రోజు తెలుగువారికి పొలాల అమావాస్య. మెడమీద కాడి లేని రోజు ఒకటి ఉండాలన్న భావన రెండు నేలలకూ ఉమ్మడిది.

నేటి గంటల లెక్క

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు ఎన్.ఆర్. నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలని సూచించడంతో దేశవ్యాప్తంగా చర్చ సాగింది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో వారానికి 48 గంటల పరిమితిని నిలుపుతూ రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. దేశ నిర్మాణానికి శ్రమ కావాలన్న వాదనలో బలం ఉంది. వీర్యాన్ని బౌద్ధం పారమితగానే గౌరవించింది. కానీ చరిత్ర ఒక కొలబద్దను ముందుంచుతుంది. 1919లో ప్రపంచ ప్రమాణం కంటే తక్కువ స్థాయిలో, వలస దేశానికి మినహాయింపుగా నిర్ణయించిన పరిమితి 60 గంటలు. స్వతంత్ర దేశపు యువతకు ఆదర్శంగా చూపుతున్న సంఖ్య దానిని దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల కలిగిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో 7,45,000 మంది మరణించారు.

ఇంతకూ విశ్రాంతిని నేర్చుకోవడమంటే ఏమిటి? ఆనందుని కథ ఒక సూచన ఇస్తుంది. ప్రథమ సంగీతికి ముందు రాత్రి అర్హత్త్వం కోసం అతడు తెల్లవారేదాకా చంక్రమణం చేశాడు. ఫలించలేదు. పూనిక మితిమీరిందని గ్రహించి, కాసేపు మేను వాలుద్దామని మంచం మీదికి ఒరిగాడు. పాదాలు నేలను వీడి, తల తలగడను చేరకముందే చిత్తం విముక్తమైంది. ఆ క్షణం వెనుక ఏళ్ళ సాధన ఉన్నది నిజమే. పట్టు సడలించడం కూడా ఆ సాధనలో భాగమని అట్ఠకథ గుర్తించింది.

వ్యక్తి నేర్చుకోవలసినది ఇది. సమాజం నేర్చుకోవలసినది వేరొకటి ఉంది. పట్టు సడలించమని అలసినవానికి ఉపదేశించి, అతని వంతు తీసుకునే మనిషిని నియమించకపోతే ఆ ఉపదేశం ఎగతాళి అవుతుంది. ఇంటిల్లిపాదీ సెలవు జరుపుకునే రోజున వంటింట్లో నిలబడే స్త్రీకి, పండుగనాడు పొట్లాలు చేరవేసే యువకునికి, గూడ్సు బండి నడిపే లోకో పైలట్‌కు రెస్ట్ గివర్ ఎవరు? వినయం ఆ పనికి దబ్బుణ్ణి నియమించింది. సిగాలునికి చెప్పిన ధర్మం దానిని యజమాని కర్తవ్యాలలో చేర్చింది. రైల్వే దానికి ఒక ఉద్యోగాన్ని సృష్టించింది. తనకు విరామం కావాలనుకునే ప్రతివారూ మరొకరి వంతు ఎప్పుడు తీసుకున్నారో గుర్తు చేసుకుంటే, విశ్రాంతి సిగ్గుపడవలసిన విషయంగా మిగలదు. ఆరుగురికి ఏడవ మనిషిని ఏర్పరచిన చోటనే అది మొదలవుతుంది.